పెద్ద చదువుకు తొవ్వ ఏది?

(ఎల్లంతకుంటలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన వాడల్లో మొదటి తరం పట్టభద్రులు చాలామంది దూరవిద్యతోనే పైకొచ్చిన్రు. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టిన్రు. ఇంటర్ చదవనోళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నది అది. కైకిలికి పోయేటోళ్లు, చిన్న నౌకర్లు చేసేటోళ్లు అట్లనే పట్టాలు తెచ్చుకున్నరు.

ఇప్పుడు మన పిల్లలు ఇంకో మెట్టు అడుగుతున్నరు. నౌకరి విడువకుండ ఆన్‌లైన్‌లో డాక్టరేట్ చెయ్యొచ్చా అని. ఆశ న్యాయమైనదే. మన వాడల మీద పరిశోధన చేసి వేరేవాళ్లు డాక్టర్లయిన్రు. మన బతుకు మనమే రాయాలె గదా!

కానీ సూటిగ చెప్తున్నం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ లేదు. విదేశీ సంస్థలతో కలిసి ప్రైవేటు కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని 2022 అక్టోబర్‌లో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించినయి. అప్పు తెచ్చి ఆ కాగితం కొంటే మిగిలేది మిత్తే.

మరి తొవ్వ లేదా? ఉన్నది. అవే నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకున్నయి. పీజీలో 55 శాతం మార్కులు అడిగే చోట మనకు 50 చాలు. గడువు ఆరేండ్లు. ఆపైన రెండేండ్లు పొడిగించొచ్చు, ఆడవాళ్లకు ఇంకో రెండేండ్లు ఎక్కువ. కరీంనగర్‌లో శాతవాహన, వరంగల్‌లో కాకతీయ, హైదరాబాద్‌లో ఉస్మానియా ఉన్నయి. ప్రకటన పడ్డప్పుడు పార్ట్‌టైమ్ సీట్లు ఎన్ని, గైడ్ ఎవరు అని ముందే అడగాలె.

అసలు చిక్కు ఇంకో కాడ ఉన్నది. నౌకరి ఇచ్చినోళ్ల నుంచి నిరభ్యంతర పత్రం తేవాలె. పరిశోధనకు టైము దొరుకుతదని, అవసరమైతే కోర్సు వర్కుకు విడుదల చేస్తమని అందులో రాయాలె. ఆ సంతకం పెట్టే చెయ్యి ఎవరిది? మనవాళ్ల దరఖాస్తు బల్ల మీద ఎన్ని నెలలు పండుకుంటది? కేంద్రం ఎస్సీ పరిశోధకులకిచ్చే ఫెలోషిప్ పూర్తికాలం చదివేటోళ్లకే. ఒక్క జీతం మీద ఇల్లంతా బతికేటోళ్లు నౌకరి విడిచి ఎట్ల పోతరు?

బాబాసాహెబ్‌కు కూడా ఇదే గతి పట్టింది. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో లండన్ చదువు సగంలో ఆపి రావలసి వచ్చింది. నాలుగేండ్ల లోపల మళ్లీ రావచ్చని విశ్వవిద్యాలయం అనుమతిచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో కూడబెట్టిండు. 1920లో తిరిగిపోయి, 1923లో డీఎస్సీ సాధించిండు. ఆయన పట్టుదల ఎంత గొప్పదో, ఆ తలుపు తెరిచి ఉంచిన అనుమతి కూడా అంత అవసరమైంది.

అందుకే మనం అడిగేది దయ కాదు. నిరభ్యంతర పత్రానికి గడువు పెట్టాలె. కోర్సు వర్కుకు జీతంతో కూడిన సెలవు ఇయ్యాలె. పార్ట్‌టైమ్ పరిశోధకులకు కూడా ఫెలోషిప్ కావాలె. ఒక్కొక్కరం ఆఫీసుల చుట్టు తిరిగితే వినరు. దరఖాస్తు ఒక్కరిది పెట్టినా పదిమందిమి వెంట పోదాం. రసీదు తీసుకుందాం. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద అడుగుదాం.

చదువుదాం, సంఘటితమవుదాం, పోరాడుదాం. జై భీమ్!