వెలిసిన కురులకు మరల నలుపు
(బాగలూరులో మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన సమావేశములలో బడులను గూర్చియు, పుస్తకములను గూర్చియు మాటలాడుట వాడుక. నేడు మేము తల వెంట్రుకల రంగును గూర్చి చెప్పబూనినందున వెనుక వరుసలో కొందరు ముసిముసి నవ్వులు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. కాని పచారి అంగడి నడపువారమగుటచే, ప్రజలు బిగ్గరగా అడుగు ప్రశ్నలకంటె గొంతు తగ్గించి అడుగు ప్రశ్నలే మా చెవిని ఎక్కువగా పడుచుండును. అట్టి ప్రశ్నలలో ఇది యొకటి.

హోసూరు కర్మాగారములకును, సర్జాపురము దారిని బెంగుళూరు కంపెనీలకును పోవు మన ఆడుబిడ్డలు పలువురు, మగపిల్లలు కొందరు, పార్లరులకు పోయి కురులను పాయలు పాయలుగా బంగారు వన్నెకు మార్పించుకొనుచున్నారు. దానిని హైలైట్లు అందురు. నాలుగు నెలలు గడచునప్పటికి ఆ వన్నె గడ్డిరంగునకు దిగును. వెంట్రుక పీచువలె బిరుసెక్కును. అంతలో పెండ్లిచూపులో, నిశ్చితార్థమో, ఊరి జాతరయో వచ్చును. మరల పార్లరునకు పోయినచో వేలకొలది రూపాయలు. అప్పుడు మా అంగడి మెట్టెక్కి, "అన్నా, ఇది ఇంట్లోనే నల్లగా చేసుకునేకి ఏమన్నా ఉందా?" అని అడుగుదురు.

ఆ బిడ్డలను మందలించుటకు మేమిక్కడ నిలువలేదు. ఎవరి తల వారిది. ఉన్నది, మార్గమున్నది, ఖర్చును కొలదియే అని చెప్పుటకును, ఆ మార్గము ప్రక్కనే ఒక గోతి కలదని హెచ్చరించుటకును నిలిచినాము.

మొదట వెంట్రుకకు జరిగిన దేమో తెలిసికొందము. మన వెంట్రుకకు నలుపునిచ్చునది మెలనిన్ అను పదార్థము. పార్లరువారు పూయు బ్లీచులో హైడ్రోజన్ పెరాక్సైడు మొదలగు ద్రవ్యములుండును. అవి వెంట్రుకపైనుండు పొలుసులను తెరచి, లోపలి నలుపును కరిగించివేయును. నలుపు పోవును గాని తెరచుకొన్న పొలుసులు మునుపటివలె మూసికొనవు. అందువలన అట్టి వెంట్రుక ఎండిన స్పాంజివంటిది. రంగును గబగబ త్రాగును; త్రాగినంత త్వరగా కక్కివేయును. చివరలు మరింత నలుపెక్కును, మొదళ్లు తేలిపోవును.

ఇందు మరియొక చిక్కు కలదు. నల్లని వెంట్రుకలో నలుపు క్రింద ఎరుపును పసుపును దాగియుండును. బ్లీచు ఆ ఎరుపును గూడ తీసివేయును. ఎరుపు లేని పాలిపోయిన వెంట్రుకపై నేరుగా ముదురు రంగు పూసినచో, అది బురదవన్నెగనో, పచ్చచాయగనో తేలును. గోడకు అస్తరు వేయక సున్నము కొట్టినట్లగును. కావున పార్లరులో పని తెలిసినవారు మొదట ఎరుపు నింపి, పిదప ముదురు రంగు వేయుదురు.

ఈ రెండు మెట్ల పనిని మన పెరటి ఆకులే చేయగలవు. ఎరుపు నింపునది గోరింటాకు. నలుపు నిచ్చునది నీలి ఆకు. ఆషాఢమాసములో మన ఆడువారు అరచేతులకు పెట్టుకొను ఆకే మొదటిది. దానిలో లాసోన్ అను ఎర్రని ద్రవ్యముండి వెంట్రుకలోని మాంసకృత్తును అంటుకొని నిలుచును. రెండవదానిని తమిళులు అవురి యందురు. 19వ శతాబ్దమున కడప మండలమున విస్తారముగా పండి, మద్రాసు రేవునుండి సీమకు పోయిన నీలిమందు ఈ నీలిజాతి మొక్కనుండి వచ్చినదే. 1897లో జర్మనీవారు కృత్రిమ నీలిని సంతలోనికి దింపిన పిదప ఆ వ్యాపారము క్షీణించినది. అయినను తిండివనము ప్రాంతమున నేటికిని ఈ పైరు కలదు. దాని ఆకుపొడి అంగళ్లలో దొరకును.

ఇక చేయువిధము.

మొట్టమొదట పరీక్ష. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలలో వన్నె తీసినవానిని ఏరి, చిన్న కుచ్చుగా దారముతో కట్టి, దానికి ఈ రెండు పొడులను క్రింద చెప్పు క్రమమున పట్టించి చూడవలెను. రెండు దినములు ఆగి, వెలుతురులో రంగు చూచుకొనిన పిదపనే తలకు పూనుకొనవలెను. ఇందులకు పైసా ఖర్చు లేదు. చెడినచో చెడునది రాలిన వెంట్రుకయే గదా!

ముందటి దినము కొబ్బరినూనె పట్టించి తలంటుకొనుట మేలు. కొబ్బరినూనె వెంట్రుకలోనికి ఇంకి, కడుగునపుడు మాంసకృత్తు పోకుండ కొంత కాపాడునని 2003లో ముంబాయి పరిశోధకులు ప్రకటించిరి. అయితే రంగు పెట్టు దినమున తలలో జిడ్డు ఉండరాదు. జిడ్డున్నచో రంగు పట్టదు. చివరలు చీలియున్నచో ఒక అంగుళము కత్తిరించివేయుడు. చీలిన చివరను అతికించు మందు ఏ అంగడిలోను లేదు, మా అంగడిలోను లేదు.

భుజముల వరకు ఉన్న జుట్టునకంతకు సుమారు 100 గ్రాముల గోరింటపొడి చాలును. పాయలకు మాత్రమే అయినచో అందులో సగము. గోరువెచ్చని నీటిలో పెరుగువలె చిక్కగా కలిపి, మూతపెట్టి, నాలుగు మొదలు ఆరు గంటలు నాననిండు. నిమ్మరసము ఎక్కువగా పోయకుడు. బిరుసెక్కిన వెంట్రుకను అది మరింత బిరుసు చేయును. చేతులకు తొడుగులు వేసికొని, తడి ఆరీ ఆరని వెంట్రుకలకు పట్టించి, గంట మొదలు రెండు గంటలు ఉంచి, వట్టి నీటితో కడిగివేయవలెను. అప్పుడు పాయలు కాషాయవన్నెగా మండుచుండును. అద్దము చూచి బెదరిపోవలదు. అస్తరు పడినదని అర్థము.

అదే దినమునగాని, మరునాడుగాని నీలి ఆకుపొడి. దీనిని రాత్రియంతయు నానబెట్టరాదు. గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పు వేసి కలిపి, పది పదునైదు నిమిషములు ఉంచి, వెంటనే పూయవలెను. ఆలస్యమైనచో దాని సత్తువ పోవును. గంటసేపు ఉంచి, నీటితో మాత్రము కడుగుడు. మొదట పచ్చచాయ కనబడును. గాలి తగిలి ఒకటి రెండు దినములలో అది ముదిరి నల్లబడును. అంతవరకు షాంపూగాని శీకాయగాని తగులనీయరాదు. రెండు మూడు వారములకు రంగు తేలినచో రెండవ మెట్టును మరల చేయవచ్చును. శుద్ధ నలుపు వలదు, ముదురు గోధుమవన్నె చాలుననువారు నీలిపొడిని తక్కువసేపు ఉంచిన చాలును.

ఈ రెండు ప్యాకెట్లకు అగు వెల కొన్ని వందల రూపాయలు. పార్లరు ఖర్చులో అది ఏ మూలకు? టీ డికాక్షను, కాఫీ డికాక్షను పూసికొనువారు కలరు. హాని లేదు గాని, ఒకటి రెండు స్నానములతో ఆ వన్నె పోవును. ఇనుప మూకుడులో ఉసిరికపొడి నానబెట్టి నలుపు తెచ్చుట మన పెద్దల పద్ధతి. అది పనిచేయునుగాని, లోహము పట్టిన వెంట్రుకకు మరల పార్లరు పెరాక్సైడు తగిలినచో చెడు ఫలితము రావచ్చును. అట్లే, మరల బంగారువన్నె కావలెనని తలచువారు నీలి ఆకు జోలికి పోరాదు. నీలి పట్టిన వెంట్రుకపై బ్లీచు పెట్టినచో పచ్చవన్నె తేలును, అది సులభముగా వదలదు.

ఇప్పుడు గోతిని గూర్చి చెప్పెదము.

"నల్ల గోరింట" అను పేరుతో అగ్గువ ప్యాకెట్లు సంతలలో అమ్ముదురు. అరగంటలో నలుపు అని పైన వ్రాసియుండును. సోదరీమణులారా! గోరింటాకు ఎన్నడును నలుపు నీయదు, ఎరుపే యిచ్చును. అరగంటలో కాకివలె నల్లబరచు పొడి ఏదైనను, దానిపై ఎన్ని ఆకుల బొమ్మలు ఉన్నను, అందు పారాఫెనిలీన్‌డయమిన్, అనగా పి.పి.డి. అను రసాయనము ఉండవచ్చునని అనుమానింపవలెను. మా బంధువుల యింట నొక పిల్ల నిశ్చితార్థమునకు రెండు దినములు ముందు అట్టి పొడిని మరియొకచోట కొని పెట్టుకొన్నది. శుభకార్యపు ఉదయమునకు నుదురు పొంగి, కనురెప్పలు ఉబ్బి మూసికొనిపోయినవి. పీటలపై కూర్చుండవలసిన పిల్లను ఆసుపత్రి బల్లపై కూర్చుండబెట్టవలసివచ్చినది.

ఈ రసాయనము అందరికిని పడకపోవునని కాదు, ఎందరో వాడుచున్నారు. కాని పడనివారికి ఒకసారి పడలేదన్నచో సాధారణముగా జన్మాంతము పడదు. పదిసార్లు ఏమియు కానివారికి పదునొకండవసారి కావచ్చును. "అమ్మోనియా లేదు" అని వ్రాసినంత మాత్రమున పి.పి.డి. లేదని అర్థము కాదు. "మూలికలతో చేసినది" అన్నను కాదు.

రంగు ప్యాకెట్టునే వాడదలచువారికి మేము అడ్డుచెప్పము. వారు చేయవలసినది ఇది. చెవి వెనుకగాని, ముంజేతి లోపలి వైపునగాని సబ్బుతో కడిగి, కొద్దిగా రంగు పూసి, కనీసము 24 గంటలు ఉంచి చూడవలెను. 48 గంటలు చూచుట మరింత క్షేమము. దురదగాని, ఎరుపుగాని, వాపుగాని కనబడినచో ఆ ప్యాకెట్టును పారవేయుడు. డబ్బు పోయినదని చింతింపవలదు. ఈ పరీక్ష ఒకసారి చేసి ఊరకుండునది కాదు. రంగు వేసికొను ప్రతిసారియు చేయవలెను. పొలుసులు తెరచుకొన్న వెంట్రుక ముదురుగా త్రాగునుగావున, కోరిన వన్నెకంటె ఒక మెట్టు లేతదానిని ఎన్నుకొనుడు. కనుబొమలకును, రెప్పవెంట్రుకలకును ఎన్నడును పూయరాదు, చూపునకే ముప్పు. పొరపాటున ఈ రంగును ఎవరైనను మ్రింగినచో, గొంతు వాచి ఊపిరి ఆగును. కండరములును మూత్రపిండములును చెడును. ఇంటి వైద్యము చేయక క్షణములో ఆసుపత్రికి చేర్పవలెను. అందుచేత ఆ ప్యాకెట్టును పిల్లలకు అందని చోట, తాళమువేసి ఉంచుడు. ఆకు గోరింటయైనను పసిబిడ్డల తలలకును చేతులకును పెట్టకుడు; రక్తములో ఒక లోపము గల శిశువులకు అది హాని చేయును.

ఇదంతయు మన సంఘమునకు ఏల యని అడుగవచ్చును. ఇట్టి రంగుల ప్యాకెట్టుపై హెచ్చరికను ఆంగ్లములోను, స్థానిక భాషలలోను ముద్రింపవలెనని మన దేశపు సౌందర్యసాధనముల నియమములు చెప్పుచున్నవి. హెచ్చరిక ఉండును, కాని చీమతలకాయంత అక్షరములలో ఉండును. తెలుగు మాత్రమే చదువనేర్చిన మన తల్లులకు, అవ్వలకు అది ఉండియు లేనట్లే. తల రంగు పెట్టుకొనునది పడుచుపిల్లలు మాత్రమే కాదు. నెరసిన తలను దాచుకొను పెద్దలును కదా!

కావున రెండు విన్నపములు. చదువుకొన్న యువతీయువకులారా! మీ యింటికి వచ్చు ప్రతి రంగు ప్యాకెట్టుపై వ్రాతను పెద్దలకు తెలుగున చదివి వినిపింపుడు. వర్తక సోదరులారా! లోపల ఏమున్నదో వ్రాయని ప్యాకెట్టును, లాభమెంత వచ్చినను, అంగడిలో నిలుపకుడు. మేము మా అంగడి గోడకు పరీక్ష చేయువిధమును పెద్ద తెలుగు అక్షరములలో వ్రాసి అంటించుచున్నాము. కోరినవారికి ఆ ప్రతిని ఉచితముగా ఇచ్చెదము.

ఒక ప్యాకెట్టు తక్కువ అమ్ముడుపోయినచో వర్తకునకు పోవునది నాలుగు రూపాయలు. ఆ నాలుగు రూపాయలకై ఒక ఆడుబిడ్డ ముఖమును పణముగా పెట్టు వర్తకము మనకు వలదు.