చుక్కలమందు మండినను మానరాదు



పటాన్‌చెరు, పాశమైలారముల చుట్టుపట్ల పల్లెలలో రచ్చబండకడకు పోయిన, కండ్లు నులుముకొను పెద్దలు పెక్కుమంది కనబడుదురు. ‘ఫ్యాక్టరీల పొగ, లారీల దుమ్ము’ అని వారందురు. అది కొంతవఱకు నిజమే. పొగయు, ధూళియు, వడగాలియు కంటితడి నార్చునవియే. కాని నీటికాసుల జబ్బునకు చుక్కలమందు వేసికొనువారికి మఱియొక కారణముకూడ నుండవచ్చును. ఆ మాట చెప్పుటకే నేడు వచ్చితిని.

నేనును ఆ మందు వేసికొనువాడనే. రెండేండ్లు గడచుసరికి కంటిలో ఇసుక పడినట్లు గరగరలాడజొచ్చెను. చుక్క పడినంతనే మండును. పిదప నీరు కారును. నీరు కారు కన్ను పొడిబారినదన్న నెవరు నమ్ముదురు? నేనును నమ్మలేదు. ‘ఈ మందు నాకు పడలేదు’ అనుకొని, ఇంటివారికైన చెప్పక 3 నెలలు మానితిని. మంట తగ్గెను, సంతసించితిని. తరువాత వైద్యుడు పరీక్షింపగా, సామాన్యముగా పాదరసపు మానమున 10 మొదలు 21 మిల్లీమీటర్ల వఱకుండవలసిన కంటి యొత్తిడి 30 దాటియుండెను. ప్రక్కచూపు కొంత పోయినది. అది మరల రాదు.

నీటికాసులనగా చూపును మెదడునకు గొనిపోవు నరము క్రమముగా చెడుట. సాధారణముగా నొప్పి తెలియకయే చూపు అంచులనుండి తరుగును. పొడికంటికి బాధ మెండు, ముప్పు తక్కువ; నీటికాసులకు బాధ లేదు, ముప్పు మెండు. మనము మోసపోవుట ఇక్కడనే.

మంట యేల కలుగును? తెరచిన సీసాలో మందు చెడకుండుటకై బెంజాల్కోనియం క్లోరైడ్ అను ద్రవ్యమును పెక్కు చుక్కలమందులలో కలుపుదురు. కన్నీటిపైనుండు పలుచని జిడ్డుపొర తడి యారిపోకుండ కాపాడును. సబ్బు జిడ్డును విడదీసినట్లు ఆ ద్రవ్యము ఈ పొరను చెఱచును. మందుల సంఖ్యయు, వాడిన యేండ్లును పెరిగినకొలది బాధ హెచ్చును. ఎండిన కన్ను మంట కోర్వలేక నీరు కార్చును. కాని ఆ నీరు కంటిపై నిలువదు.

దీనికి ఉపాయములు కలవు. ఆ ద్రవ్యము లేని చుక్కలమందులు కలవు. వెల కొంత హెచ్చు. రెండు మందులు చేర్చిన సీసాలు కలవు. వానివలన చుక్కలు తగ్గును. కన్నీటికి బదులుగా వేసికొను చుక్కలు కలవు. కొందఱికి లేజరు చికిత్స తగును. ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. ఒక మందునకును మఱియొకదానికిని నడుమ 5 నిమిషములైన నెడమీయుడు. చుక్క వేసికొని కన్ను మూసి, ముక్కుమొదటనున్న కంటికొనను వ్రేలితో మెల్లగా 2 నిమిషములు నొక్కియుంచుడు.

హైదరాబాదు మెహిదీపట్నములో సరోజినీదేవి ప్రభుత్వ కంటియాస్పత్రి కలదు. సంగారెడ్డినుండి పోయి నాటికి నాడే తిరిగి రావచ్చును. పోవునపుడు సీసాలన్నియు వెంట గొనిపోయి, ‘మండుచున్నది’ అని వైద్యునితో దాచక చెప్పుడు. ఈ జబ్బు కుటుంబములలో వచ్చునది గావున, 40 ఏండ్లు దాటిన తోబుట్టువులకును బిడ్డలకును పరీక్ష చేయింపుడు.

నేను మూడు నెలలు దాచిన మాట మీరు మూడు దినములైన దాచవలదు. సెలవు.