ఇంట ఉల్లిపాయల నిలువ

బుట్ట అడుగున నున్న ఉల్లిపాయ కుళ్ళిన సంగతి మనకు వాసన వలననే తెలియును. అప్పటికి దాని చుట్టు నున్న నాలుగు పాయలు కూడ మెత్తబడియుండును. వెల తగ్గినదని అయిదు కిలోలు ఒక్కసారి కొని, అందొక కిలో పెంటకుప్ప పాలు చేయుట ఏమి పొదుపు? ఈ ప్రశ్న మా యింట పెక్కు పర్యాయములు పుట్టినది. దానికి మేము వెదకికొన్న సమాధానమును శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మేము తోడికోడండ్రము ఇరువురమును ఉద్యోగస్థులము. ఉదయము ఎనిమిది గంటలకు ఇల్లు విడువవలెను. అందుచేత ఉల్లి తరుగుట మా అత్తగారి వంతుగా నుండెడిది. వ్రేళ్ళ కీళ్ళు వాచిన దినములలోను వారు కత్తిపీట ముందు కూర్చుండెడివారు. వలదన్నచో, "మరి మీరు ఏమి తిని పోవుదురు?" అనెడివారు. కావున మాకు ఉల్లి వృథాయే కాక, ఆ చేతుల శ్రమయు ఆలోచింపవలసిన విషయమైనది.

ఉల్లి చేసిన మేలు తల్లియు చేయదని సామెత. ఐనను ఆ మేలు ఏడాది పొడుగునను ఒకే వెలకు దొరకదు. రబీలో పండి వేసవిలో త్రవ్వెడి పాయ బాగుగా ఆరినచో నాలుగైదు నెలలు నిలుచును. వానకాలపు పంటగా కర్నూలు ప్రాంతము నుండి వచ్చెడి పాయలో తేమ అధికము. అది అంతకాలము నిలువదు. పాత పాయ తీరిపోయి, క్రొత్త పాయ వానలకు చెడిన యేట వెల మిన్నంటును. 2019 డిసెంబరులో పెక్కు పట్టణములలో కిలో నూరు రూపాయలు దాటినది. ఆంధ్రప్రదేశ్ రైతుబజారులలో ప్రభుత్వము 25 రూపాయలకు అమ్మించిన పాయల కొరకు జనులు బారులు తీరిరి. ఆ వరుసలో మేమును నిలిచితిమి. ఇల్లు చేరి చూడగా, లోగడ కొన్న పాయలు నాలుగు తట్టలో మొలకెత్తియుండెను.

మొదట నిండు పాయల సంగతి. వీనిని రిఫ్రిజిరేటరులో నుంచరాదు. అచ్చటి తేమకు మెత్తబడును. ఎండ తగులక, గాలి ధారాళముగా వీచు చోట వెదురు తట్టలోనో, వల సంచిలోనో ఉంచవలెను. బంగాళాదుంపలను దరిచేర్చరాదు. వారమున కొకసారి తట్టను క్రుమ్మరించి, చెడినవానిని ఏరివేయవలెను. ఇక మనకు వెంటనే పట్టని గట్టి పాయలను తరిగి ఫ్రీజరులో గడ్డకట్టించి నిలువ చేయవచ్చును.

పాయలను ఒలిచి, కడిగి, పొడిగుడ్డతో తడి తుడిచి తరుగవలెను. ముక్కలను వెడల్పాటి పళ్ళెములో ఒకే వరుసగా పరచి ఫ్రీజరులో రెండు గంటలు ఉంచవలెను. బిరుసెక్కిన పిమ్మట ఒక పూటకు సరిపడునంత చొప్పున చిన్న సంచులలో నింపి, గాలి పోవ నదిమి, మూతి బిగించి, పైన తేదీ వ్రాయవలెను. పరచకయే సంచిలో కూరినచో అంతయు ఒకే గడ్డ యగును. మేము మొదటిసారి రోకలితో కొట్టవలసివచ్చినది. ఆ సంచులను గట్టి మూత గల డబ్బాలో పెట్టుట మరువరాదు. మేము మరచిన వారమున పిల్లల పాల ఐసు ఉల్లివాసన కొట్టినది.

సున్నకు దిగువ 18 డిగ్రీల చల్లదనమున ఈ ముక్కలు మూడు నెలల వరకు రుచి చెడక యుండును. అంత చల్లదనము లేని చిన్న అర యైనచో నెలలోపల వాడుకొనుట మేలు. కరెంటు పోయి ముక్కలు కరగనారంభించినను, ఇంకను చల్లగా నున్నచో, ఆనాడే వండివేయవలెను. గంటల తరబడి వెచ్చబడియున్నచో పారవేయవలెను. కరగినదానిని మరల గడ్డకట్టింపరాదు.

అత్తగారు మొదట ఒప్పుకొనలేదు. "తరిగి దాచిన ఉల్లి విషము. చద్ది ఉల్లితో నేను పులుసు పెట్టను" అనిరి. శుభ్రముగా తరిగి వెంటనే గడ్డకట్టించినది విషము కాదని మేము చెప్పితిమి, వారు వినలేదు. ఒక ఆదివారము ఆ ముక్కలతోనే ఆనపకాయ పులుసు పెట్టి వడ్డించితిమి. తిని, "బాగున్నది" అనిరి. అప్పుడు నిజము చెప్పితిమి. కొంతసేపు మాటాడక, "పెరుగు పచ్చడిలో మాత్రము ఇది వేయకుడు" అనిరి.

వారి మాట అక్షరాల నిజము. ఉల్లిలో నూటికి ఇంచుమించు 89 పాళ్ళు నీరే. ఆ నీరు మంచు పలుకులై లోని కణముల గోడలను చీల్చును. అందుచే కరగిన ముక్క మెత్తబడును; పచ్చిగా నంజుకొనుటకును, పకోడీలకును పనికిరాదు. పులుసు, సాంబారు, పప్పు, కుర్మా, ఉప్మా వంటివానికి కొరతయుండదు. కరగనీయక నేరుగా మూకుడులో వేయవలెను. అయితే మంచు తగిలిన నూనె చిటపటలాడి మీద పడును. మంట తగ్గించి, కొద్దికొద్దిగా వేసి, ఒకింత దూరముగా నిలువవలెను. వేగుటకు కొంత ఆలస్యమగును.

ఇప్పుడు మా యింట ఆదివారము రెండు కిలోలు మేమిరువురమును తరుగుచున్నాము. కన్నీరు వారమున కొక్క పర్యాయమే. అత్తగారు కుర్చీలో కూర్చుండి, ముక్క పెద్దదైనదనియు, చిన్నదైనదనియు చెప్పుచుందురు. వారి కత్తిపీట మిగిలిన దినములలో గోడవారనే యుండును.

రైతు నెలల తరబడి పెంచిన పాయ మన తట్టలో కుళ్ళరాదు. ఇంటి పెద్దల వ్రేళ్ళు ప్రతి ఉదయము నొవ్వరాదు. శ్రోతలు వచ్చు ఆదివారము ఒక్క కిలోతో ఆరంభించి చూతురుగాక.