నకారా తీర్పులో ఐదవ పేరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా గారిని తలుచుకుంటాం. తీర్పు రాసిన జస్టిస్ దేశాయ్ గారిని తలుచుకుంటాం. కాని ఆ ధర్మాసనంలో ఐదుగురున్నారు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, తుల్జాపూర్కర్, దేశాయ్, మన తెలుగువారైన చిన్నప్పరెడ్డి, బహరుల్ ఇస్లాం. ఈ చివరి పేరు మన సభల్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

ఆయన అస్సాం న్యాయవాది, కాంగ్రెస్ వారు. 1962లోనూ, 1968లోనూ రాజ్యసభకు ఎన్నికయ్యారు. 1972లో రాజీనామా చేసి గౌహతి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అక్కడే ప్రధాన న్యాయమూర్తిగా 1980 మార్చిలో మనలాగే రిటైరయ్యారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి సుప్రీంకోర్టుకు పిలుపొచ్చింది. (రిటైరయ్యాక మనం ఆఫీసుకు వెళితే కుర్చీ చూపించేవారే ఉండరు!)

ఇక 1982 డిసెంబరు. 16వ తేదీన బీహారు ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్రాపై కేసు ఉపసంహరణ విషయంలో తీర్పు వచ్చింది. ముగ్గురిలో ఇస్లాం గారు, మరొకరు ఉపసంహరణ సరేనన్నారు. తుల్జాపూర్కర్ గారు కాదన్నారు. మర్నాడు 17న మన కేసులో ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు అన్నారు.

నెల తిరగకుండానే, 1983 జనవరిలో, ఇస్లాం గారు రాజీనామా చేశారు. పదవీ విరమణకు ఆరేడు వారాలే ఉంది. బార్పేట లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. అస్సాం ఆందోళనలో అక్కడ ఎన్నిక జరగలేదు. అదే ఏడు మళ్లీ రాజ్యసభకు వెళ్లారు. బీహారు తీర్పుకు ఇది ప్రతిఫలమా అని విమర్శలొచ్చాయి. న్యాయంగా చెప్పాలంటే, 1986లో అయిదుగురు న్యాయమూర్తులు ఆ కేసును మళ్లీ విన్నప్పుడు కూడా మెజారిటీ ఉపసంహరణనే సమర్థించింది.

రాజకీయాల్లోంచి న్యాయపీఠానికి రావడం నాకు తప్పుగా తోచదు. కృష్ణయ్యర్ గారు కేరళలో మంత్రిగా చేసినవారే. నాకు మింగుడుపడనిది ఆ తిరుగు ప్రయాణం.

అప్పట్లో నేనొక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పెన్షన్ సెక్షన్ గుమాస్తాను. 1979 మార్చి 31 అన్న తేదీ మా ప్రాణం తీసేది. ఫిబ్రవరి ఆఖరున దిగినవారికి 36 నెలల సగటు, మార్చి ఆఖరున దిగినవారికి 10 నెలల సగటు. ఒకే గదిలో పక్కపక్కన పనిచేసిన ఇద్దరికి రెండు లెక్కలు! ఆ గోడను కూల్చింది ఈ ఐదుగురే.

తీర్పు తర్వాత పాత ఫైళ్లన్నీ తిరగతోడాం. ఒక పెద్దాయన సవరణ ఉత్తర్వు అందుకుని, "బాబూ, ఆ జడ్జీల పేర్లు కాగితం మీద రాసివ్వు, దేవుడి గదిలో పెట్టుకుంటాను" అన్నారు. అప్పటికి ఇస్లాం గారు మళ్లీ రాజ్యసభలో ఉన్నారు. నాలుగు పేర్లు రాశాను. ఐదవ దాని దగ్గర కలం కాసేపు ఆగింది. పెద్దాయన చూస్తున్నారు. ఆ పేరూ రాసి ఇచ్చాను.