దోషము చేతులదా, ఏర్పాటుదా?
(పఠనమందిర సభయందు గావించిన యుపన్యాసము)



మోటారుబండి నడిదారిలో నిలిచిపోయినపుడు అందు కూర్చున్నవాడు మొదట నిందించునది దానిని బిగించిన పనివానినే. 1970 తరువాతి సంవత్సరములలో అమెరికా దేశమున జరిగినదియు నిదియే. జపాను కారులు తక్కువ పెట్రోలుతో, తక్కువ మరమ్మతుతో నడచుచు అచ్చటి విపణిని ఆక్రమించుచుండగా, స్వదేశపు కారు నాసిరకమన్న పేరు తెచ్చుకొనెను. కారణమేమని యడిగినవారికి, సంఘములలో చేరిన కూలివారు పొగరెక్కి పని చెడగొట్టుచున్నారన్న సమాధానము సిద్ధముగా నుండెడిది. ఈ యభియోగమును పరీక్షించుటకే పుట్టినదా యన్నట్టి కర్మాగార మొకటి కలదు. దాని చరిత్రను నేడు మీకు విన్నవింతును.

కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రీమాంట్ పట్టణమున జనరల్ మోటార్స్ కంపెనీవారి కారుల కర్మాగారముండెను. పనివారందరును యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘమునకు చెందినవారు. ఆ చోటి యపకీర్తి యింతింత కాదు. దినమునకు ఐదుగురిలో నొకడు పనికి రాకుండెడివాడు. ఫిర్యాదులు వేలకొలది పరిష్కారము గాక పేరుకొనియుండెడివి. పగబట్టిన పనివారు కొందరు తలుపుల లోపల ఖాళీసీసాలు పడవేసి, కొన్నవాడు ఆ గలగల యెక్కడిదో తెలియక తల పట్టుకొనునట్లు చేసెడివారట. వారే తరువాత చెప్పుకొన్న మాట యిది. దీనిని నేను సమర్థింపను. కాని పైవారి యాజ్ఞ యెట్టిదో వినుడు. కారుల వరుస యే పరిస్థితియందును ఆగరాదు. మేకు వంకరగా బిగిసినను, భాగము అమరకపోయినను, బండి ముందునకు సాగవలసినదే. లోపములను చివర బాగుచేసికొనవచ్చును. తన చేతిక్రింద చెడిన సరకు పోవుచున్నదని యెరిగియు నూరకుండవలసినవానికి పనియందు గౌరవమెట్లు నిలుచును? 1982లో కంపెనీవారు ఆ కర్మాగారమును మూసివేసిరి.

మరుసటి యేట జపానుదేశపు టొయోటా కంపెనీ జనరల్ మోటార్స్‌తో నొడంబడిక చేసికొని, ఆ కట్టడమునే తెరచుటకు నిశ్చయించెను. క్రొత్త సంస్థకు నూమి యని పొడిపేరు. మన చెవికది ఇంచుమించు ‘నమ్మి’ యనునట్లు వినబడును. తెలుగు తెలియని యా యూరివారు తెలియకయే తగిన పేరు పెట్టుకొనిరి. పనిలో తీసికొన్నవారిలో అత్యధికులు పాతవారే. సంఘమును ఆ సంఘమే. బృందనాయకులుగా నేర్పడినవారిని వందలకొలదిగా జపానులోని తకవోక కర్మాగారమునకు పంపి పని చూపించిరి. 1984 డిసెంబరున మొదటి కారు వెలువడెను.

మారినదేమి? ప్రతి పనివాని తలపైని ఒక త్రాడు వ్రేలాడుచుండెను. లోపము కనబడిన తక్షణము దానిని లాగవలెను. బృందనాయకుడు పరుగున వచ్చి సాయము చేయును. అప్పటికిని సరిపడనిచో వరుస ఆగిపోవును. వేల రూకల నష్టము కలుగజేయు నధికారమును కూలివాని చేతికిచ్చిరన్న మాట! ఎనుబదికి పైబడిన పనితరగతులను సంఘమువారు వదలుకొని, ఉత్పత్తి పనివారలందరికిని ఒకే తరగతి యుండుట కంగీకరించిరి. అందులకు బదులుగా యజమానులును వ్రాతపూర్వకముగ నొక మాట యిచ్చిరి: కష్టకాలము వచ్చినచో మొదట అధికారుల జీతములు తగ్గింతుము, బయటివారికిచ్చిన పనులను లోనికి తెత్తుము, ఆ పిమ్మటనే పనివారిని తొలగింతుము. 1988 ప్రాంతమున అమ్మకములు పడిపోయినపుడు ఈ మాట నిలిచెను. పనిలేనివారికి శిక్షణ నిచ్చిరే కాని యొక్కనినైన ఇంటికి పంపలేదు. పనికి రానివారు వందింట నలుగురి లోపునకు దిగిరి. కారుల నాణ్యము జపానులో చేసినవాటికి సమీపించెను.

ఇచ్చట మీలో నొకరు అడుగవచ్చును: ఇంజను జపానుదే కదా, ఘనత దానిది కాదా యని. న్యాయమైన ప్రశ్నయే. మొదట ఇంజనును గేరుపెట్టెయు ఓడలలో వచ్చినమాట నిజము. కాని శరీరపు రేకులను అచ్చటనే అచ్చువేసిరి. కూర్పంతయు ఫ్రీమాంట్ చేతులదే. అమెరికా వర్తకులనుండి కొన్న భాగము సరిపడనిచో, వెల తక్కువ చెప్పు మరియొకని వెదకుట గాక, ఆ వర్తకుని కర్మశాలకే పోయి లోపమెచ్చట పుట్టినదో కనుగొనుట టొయోటావారి పద్ధతి.

ఈ తుదిమాట యెంత ముఖ్యమో ఆ రాష్ట్రమునందే వాన్‌నైస్ అనుచోట తేలినది. అచ్చటి తమ కర్మాగారమున జనరల్ మోటార్స్‌వారు బృందములను ఏర్పరచిరి, త్రాళ్లను వ్రేలాడదీసిరి. పనివాడు త్రాడు లాగెను, వరుస ఆగెను, పిమ్మట? అమరని రేకును పంపినవాడును, దాని నమూనా గీచినవాడును ఎప్పటియట్లే యుండిరి. వినువాడు లేనిచోట పిలుపు వలన ప్రయోజనమేమి? 1992లో అదియు మూతబడెను.

ఆ యేడే అమెరికావారు క్రొత్తకారుపై స్వదేశపు భాగములు విలువలో వందకెన్నియో తెలుపు చీటి అంటింపవలెనని శాసనము చేసిరి. స్వదేశమనగా కెనడాను గూడ కలిపి లెక్కించిరి లెండు! ఫ్రీమాంటున ఒకే వరుసనుండి ఒకే చేతులు రెండు కారులను విడుదల చేయుచుండెను: ఒకదానిపై టొయోటా కరోలా యని, రెండవదానిపై ప్రిజమ్ అని పేరు. రెండును కవలలే. కొనువారు కరోలాకు ఎక్కువ వెల యిచ్చిరి; ప్రిజమ్‌ను బేరమాడిరి.

2009లో జనరల్ మోటార్స్ దివాలా స్థితిలో ఈ భాగస్వామ్యమునుండి తప్పుకొనెను. ఒంటరిగా నడపుట గిట్టదని టొయోటావారనిరి. పనితనపు లోపమును ఎవ్వరును కారణముగా చూపలేదు. 2010 ఏప్రిలు 1వ తేదీన చివరి కరోలా వెలువడెను. పాతికేండ్లలో దాదాపు 80 లక్షల బండ్లు చేసిన యా చోట సుమారు 4,700 మంది పని కోల్పోయిరి. అమెరికాలో టొయోటావారి కారుల కూర్పు కర్మాగారములలో సంఘము గలది అదొక్కటే. ఆ కట్టడమును టెస్లా కంపెనీ కొన్నది. అందు విద్యుచ్ఛక్తితో నడచు కారులు చేయుచున్నారు. సంఘమునకు మాత్రము అచ్చట గుర్తింపు లేదు.