చాయ్‌కి పిలిచి కూర్చోబెట్టారు

(మండల మహాసభలో చేసిన ప్రసంగం)



మొన్న యాసంగి కోతలప్పుడు మంత్రిగారి రైతు సదస్సు పెట్టారు. మేము అడగదలచుకున్నది ఒక్కటే. నలభై కిలోల బస్తాకు తరుగు పేరుతో కోస్తున్న రెండు మూడు కిలోలు ఎవరి ఖాతాలోకి పోతున్నాయని. అర్జీ రాసి సంతకాలు పెట్టించాం. తెల్లారకముందే కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. "సారు పిలుస్తుండన్నా, చాయ్ తాగిపోదువు రా" అన్నాడు. అట్లా ఏడుగురం పోయాం. చాయ్ ఇచ్చారు, అబద్ధమెందుకు. సదస్సు అయి, కార్లన్నీ వెళ్లాక సాయంత్రం వదిలారు. మర్నాడు పేపర్లో "రైతులతో మంత్రి ముఖాముఖి" అని ఫొటో. తరుగు పోయినవాళ్లం స్టేషన్ బెంచీ మీదుంటే ముఖాముఖి ఎవరితో అయినట్టు?

దీనికి చూపే సెక్షన్ పాత సీఆర్‌పీసీలో 151, 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 170. నేరానికి సిద్ధపడుతున్నారని తెలిసి, అరెస్టు తప్ప ఆపే దారి లేనప్పుడే దాన్ని వాడాలి. మామూలుగా 24 గంటలు దాటకూడదు. అర్జీ ఇవ్వడం నేరమా? గుమ్మం ముందు కుర్చీ వేసుకుని మనిషిని ఇల్లు కదలనివ్వకపోవడం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఈసారి పిలిస్తే ఏ సెక్షన్ అని అడగండి. తీసుకెళ్లిన వేళ, వదిలిన వేళ రాసిపెట్టుకోండి.

2017లో ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడితే, పది మందిని బేడీలతో కోర్టుకు తెచ్చారు. అదే ఏడాది హైదరాబాద్‌లో ఇందిరాపార్కు ధర్నాచౌక్ మూశారు. మళ్లీ అక్కడ కూర్చోవడానికి 2018లో హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఇది ఒక్క పార్టీ గుణం కాదు. ప్రతిపక్షంలో ఉండగా మన టెంటు కింద కూర్చున్నవాళ్లు గద్దెనెక్కాక మన ఇంటికే పోలీసులను పంపారు.

ఇంకో మాట. కొందరికి కోపం రావచ్చు. నిరుడు మన సభలోనే ఒక కౌలు రైతు లేచి "ఇది పట్టాదారుల సంఘమా" అని అడిగితే, మైకు మనమే లాక్కున్నాం. పేపర్లవాళ్లున్నారు, పరువు పోతుందని. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే పోయింది, దున్నినవాడికి రాలేదు. ఆయన అడిగింది తప్పు కాదు. ఆ రోజు మేమూ నోరు మెదపలేదు.

ఆయన ఇవాళ వచ్చారు, వెనక వరుసలో ఉన్నారు. మేము ఇక్కడ ఆపుతున్నాం. మైకు ఆయనకివ్వండి.