బిలస్వర్గము గుహలలోని ప్రాచీన జంతువులు

ఖడ్గమృగమును చూడగోరువారు నేడు అస్సాము మొదలగు దూరదేశములకు పోవలెను. కాని ఒకానొక కాలమున అది మన నంద్యాల సీమలోనే తిరుగాడుచుండెను. ఇది కట్టుకథ కాదు. నంద్యాలనుండి ద్రోణాచలము పోవు రైలుమార్గములో బేతంచెర్ల యున్నది. దానికి చేరువనున్న బిలస్వర్గము గుహలే ఇందుకు సాక్షులు.

ఈ గుహలలో పురాతనములైన ఎముకలున్నవని 1844లో న్యూబోల్డు అను సైనికోద్యోగి లోకమునకు తెలిపెను. నలుబది యేండ్ల పిమ్మట, హక్స్‌లీ పండితుని ప్రోత్సాహముచే, మద్రాసు ప్రభుత్వము భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్టు బ్రూసు ఫుట్‌ను ఇచటికి పంపెను. ఆయనయు, ఆయన కుమారుడు హెన్రీయు గుహలను త్రవ్వించిరి. లభించిన ఎముకలను లైడెక్కరు పరిశీలించి 1886లో గ్రంథము ప్రకటించెను. అందొక ఖడ్గమృగమును నశించిన జాతిగా నెంచి, దానికి ‘కర్నూలియెన్సిస్’ అని మన కర్నూలు పేరే పెట్టెను. 2022లో నంద్యాల జిల్లా యేర్పడువరకు ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలోనిదే కదా!

ఎముకలు ఇంతకాలము ఎట్లు నిలిచినవి? పులుపెక్కిన నేలలో ఎముక క్రమముగా కరగిపోవును. సున్నపురాతి గుహలో ఆ పులుపు విరుగును. దుమ్ములగొండ్లు ఈడ్చుకొనివచ్చిన కళేబరములు, ఏదుపందులు కొరికిన ఎముకలు మట్టిలో పొరలుపొరలుగా పూడిపోవును. క్రిందిపొర పాతది, మీదిపొర క్రొత్తది. పొరయే ఎముకకు జాతకము.

అందుచే ఎముకలను సేకరించువారికి ఓర్పు ముఖ్యము. నేలను గళ్లుగా విభజించి, చిన్న పనిముట్లతో మట్టిని తీయుదురు. ప్రతి ఎముక దొరికిన లోతును వ్రాసికొందురు. ఎలుకపండ్లు సైతము జారిపోకుండ మట్టిని జల్లింతురు. పెళుసైన ఎముకను జిగురుతో గట్టిపరచి, ప్లాస్టరు పట్టీ చుట్టి కదలింతురు.

ఈ ఓర్పునకు ఫలమేమి? రవి కోరిసెట్టరు ప్రభృతులు పాల్గొన్న పరిశోధన యొకటి 2014లో వెలువడెను. వారు ఈ గుహల పొరలకు కాలనిర్ణయము చేసిరి. రెండు లక్షల యేండ్ల పొరలలో గుర్తించిన 21 స్తన్యజంతు జాతులలో 20 నేటికిని భారత ఉపఖండమున ఎక్కడనో ఒకచోట మిగిలియున్నవని చూపిరి. లోపించినది ఒక పెద్ద కోతిజాతి మాత్రమే. అమెరికాలో మామత్తు అను మహాగజము నశించినది. ఆస్ట్రేలియాలోను పెద్ద జంతువులనేకము నశించినవి. మన దేశమునందో, ఒకచోటు ఎండిపోయినను వేరొక అడవికి పోవుటకు త్రోవలుండెను. ఆ త్రోవలను మనమే మూసివేసినచో వాటికి దిక్కేది?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి నాదొక మనవి. ఆళ్లగడ్డ శిల్పులకు రాతి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. బేతంచెర్ల నాపరాయి పలువురకు కూడు పెట్టుచున్నది. గనిలోనో, బావి త్రవ్వునపుడో పెద్ద ఎముక కనబడినచో, రాక్షసునిదని పగులగొట్టకుడు. వింతవస్తువని ఇంటికి కొనిపోకుడు. ఉన్నచోటనే యుంచి, పురావస్తుశాఖకో, కళాశాలలోని భూగర్భశాస్త్రోపాధ్యాయునకో తెలుపుడు. చోటు తప్పిన ఎముక తన జాతి పేరు చెప్పగలదు గాని, తన కాలమును చెప్పజాలదు.